కోరంటి బాట

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడుమ నుంచి పారి, సోలిపేట దగ్గర ప్రాజెక్టులో ఆగి, చివరికి మిర్యాలగూడ దిగువన వాడపల్లిలో కృష్ణలో కలుస్తుంది. పట్నం కడిగి పారబోసిన నీళ్లు అలా మన మీదికే వస్తాయి. మన రోగులేమో ఆ నీళ్లకు ఎదురు పోయేవారు. కోదాడ, సూర్యాపేటల నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని బస్సులో, మిర్యాలగూడ నుంచి బస్సులోనో రైల్లోనో. వాంతులు విరేచనాలు, దిగని జ్వరం, కంఠసర్పి, ధనుర్వాతం, పిచ్చికుక్క కాటు... ఊళ్లో డాక్టరు చేతులెత్తేస్తే దారి ఒక్కటే, నల్లకుంట. సర్కారు కాగితాల్లో దాని పేరు సర్ రొనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాపికల్ అండ్ కమ్యూనికబుల్ డిసీజెస్. పత్రికలవాళ్లకు ఫీవర్ ఆస్పత్రి. మన పెద్దవాళ్లకు కోరంటి దవాఖాన. నూరేళ్లు దాటిన ఆ సంస్థ చరిత్రలో మన మూడు ఊళ్లకూ వాటా ఉంది. ఇక్కడివాళ్లం రాస్తే ఆ వాటా లెక్క కూడా తేల్చి రాయాలి.

1915లో, నిజాం ఏలుబడిలో మొదలైనప్పుడు ఆ దవాఖాన నల్లకుంటలో లేదు. ఊరికి ఎడంగా, గుట్ట దగ్గర పెట్టారు. ప్లేగు, కలరా తగిలినవాళ్లను జనంలోంచి తీసి విడిగా ఉంచడానికి కట్టిన క్వారంటైన్ దవాఖాన అది, జనం నోట కోరంటి. తర్వాత ఇప్పుడున్న చోటికి మారింది. తొలినాళ్లలో అక్కడ వైద్యం కంటే వేరుపెట్టడమే పెద్ద పని. చేయడానికి ఇంకేముంది గనక? టైఫాయిడ్‌కు సరైన మందు, క్లోరాంఫెనికాల్, 1940ల చివర్లో గానీ చేతికి రాలేదు. తీవ్రమైన కలరాకు వైద్యం అందకపోతే ఇద్దరిలో ఒకరు దక్కరు. అటువంటి రోజుల్లో రోగిని కోరంటికి పంపడమంటే ఆశ వదులుకున్నట్టే అనుకుని, ఇంట్లోనే దాచిపెట్టినవాళ్లను తప్పుపట్టలేం.

రాస్ పేరు దానికి ఎందుకన్నది బడి పిల్లలకూ తెలుసు. 1897 ఆగస్టు 20న, పందొమ్మిదో మద్రాస్ పదాతిదళం డాక్టరుగా ఉంటూ, మలేరియా క్రిమిని దోమ కడుపు గోడలో చూశాడు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఇంకా ఉంది. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు అణా చొప్పున చేతిలో పెట్టాడు. 1902లో నోబెల్ వచ్చింది. అయితే దోమలో క్రిమిని చూడడానికి రెండేళ్ల ముందు, 1895లో, ఇదే రాస్‌ను బెంగళూరులో కలరాను అదుపు చేసే పారిశుధ్యం పని మీద పంపారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. బావులు, కాలువలు, దొడ్లు చూసుకుంటూ తిరిగే ఆ పనికి బహుమతులు రావు. నన్నడిగితే, కోరంటికి ఆయన పేరు పెట్టడానికి దోమ కంటే ఆ బెంగళూరు కొలువే దగ్గరి కారణం కావాలి.

మన వైపు కలరాను గత్తర అనేవారు. గత్తర లేస్తే ముత్యాలమ్మకు, పోచమ్మకు బోనం ఎత్తేవారు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడి వెనకా 1813 నాటి గత్తర కథే చెబుతారు. పటాలంతో ఉజ్జయిని పోయిన సురిటి అప్పయ్య, ఇక్కడ జనం పిట్టల్లా రాలిపోతున్నారని విని అమ్మవారికి మొక్కుకున్నాడట. ఆ భయం పోయినా జాతరలు పోలేదు, పోకూడదు కూడా. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతరకు లక్షల మంది వస్తారు. జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకూ పెద్దఎత్తున జనం వస్తారు. అంత జనం కొద్ది నీటివనరుల మీద ఆధారపడి, ఒకే మైదానంలో రోజుల తరబడి మసలితే ఏం జరగాలో కలరా పుస్తకాల్లో రాసే ఉంది. అది జరగకుండా చూసేది ట్యాంకుల్లో బ్లీచింగు కలిపే చేతులు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగు పొడి, కలిపాక అరగంటకు తక్కువ కాకుండా ఆగడం, తర్వాత గాజుగొట్టంలో నీళ్లు పోసి చుక్క రసాయనం వేసి పసుపు రంగు తేలిందో లేదో చూడడం. రంగు రాలేదంటే క్లోరిన్ మిగల్లేదని అర్థం, మళ్లీ కలపాలి. వ్యాధి రాకపోతే ఈ పనిని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఇక దూరం సంగతి. సూర్యాపేట నుంచి హైదరాబాదు 135 కిలోమీటర్ల పైచిలుకు. కోదాడ నుంచి ఇంకో నలభై ఎక్కువ. ఇప్పటి నాలుగు వరుసల రోడ్డు మీదే రెండున్నర, మూడు గంటలు. పాత తొమ్మిదో నంబరు రహదారి మీద లారీల వెనక ఎంతసేపో చెప్పనక్కర్లేదు. తీవ్రమైన కలరాలో పెద్దవాళ్ల ఒంట్లోంచి గంటకు లీటరు దాకా నీరు పోతుంది. బియ్యం కడిగిన నీళ్లలాంటి విరేచనం, లోతుకు పోయిన కళ్లు, పట్టి వదిలినా ముడత విప్పుకోని చర్మం, పట్టేసిన పిక్కలు, చేతికి అందని నాడి. ఈ లెక్కన కోదాడలో బయలుదేరిన మనిషి నల్లకుంట చేరేసరికి ఒంట్లో ఎంత మిగులుతుందో వేసుకోండి. కోరంటిలో ఎంత మంచి వైద్యులున్నా, ఆ వైద్యం ఫలించేదీ లేనిదీ సగం దారిలోనే తేలిపోయేది.

దారికి మందు బెంగాల్లో దొరికింది. కలరా క్రిమి వదిలే విషమే పేగులోకి నీటిని గుంజుతుందని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే తేల్చాడు. 1971లో బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు తాగించాడు. మామూలుగా నూటికి ముప్పై మంది దాకా పోయే చోట మరణాలు నాలుగుకు లోపే ఆగాయి. కలరా పట్టిన పేగులోనూ గ్లూకోజు చెయ్యి పట్టుకుని ఉప్పు లోపలికి పోతుంది, ఉప్పు వెంట నీరు పోతుంది. కిటుకంతా అంతే. ఇప్పుడు అంగన్‌వాడీలో ఉచితంగా ఇచ్చే పొట్లంలో ఇరవైన్నర గ్రాములుంటాయి, లీటరు నీళ్లకు సరిపడా. గంజిలో ఉప్పేసి తాగించిన మన నాయనమ్మలు ఆ దారికి దగ్గర్లోనే నడిచారు. రైసు మిల్లుల మిర్యాలగూడలో గంజికేం కరువు? ఇప్పటికీ నాలుగు విరేచనాలైతే చాలు, గ్లూకోజు బాటిల్ ఎక్కించమని ఆర్‌ఎంపీ మీద పడేవాళ్లే ఎక్కువ. సీసా గుచ్చితేనే వైద్యం అన్న నమ్మకం మనవాళ్లను వదల్లేదు.

మూసీ దగ్గరికి మళ్లీ వస్తాను. 1908 సెప్టెంబరు వరద తర్వాత నిజాం విశ్వేశ్వరయ్యను పిలిపించాడు. ఆయన వరదకు ఆనకట్టలు సూచించడంతో ఊరుకోక, నగరానికి భూగర్భ మురుగు కాలువల పథకమూ వేశాడు. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం బతికిపోయింది. పెరిగిన నగరం మురుగంతా మూసీలో కలిసి కిందికి వచ్చింది, దాంతోనే రైతులు పశుగ్రాసం, వరి పండించారు. ఈ నీటి మీద బయటివాళ్లు చేసిన పరిశోధన మనవాళ్లు చదవాల్సింది. లండన్ ట్రాపికల్ మెడిసిన్ స్కూలుకు చెందిన యెరూన్ ఎన్సింక్, ఆయన సహచరులు నది వెంట నీటిని పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. నగరం దాటి నలభై కిలోమీటర్లు పారేసరికి నీళ్లలో నులిపురుగుల గుడ్లు, మలక్రిములు బాగా తగ్గుతున్నాయని తేలింది. చేసిందెవరు? నదికి అడ్డంగా ఉన్న పాతకాలపు కత్వలు. కత్వ వెనక నీళ్లు నిలిస్తే బరువైన గుడ్లు అడుగుకు దిగుతాయి, మిగిలిన పని ఎండ చూసుకుంటుంది. సాగుకని కట్టిన రాళ్లగోడ మురుగుశుద్ధి కేంద్రంలా పనిచేసింది! మందుల ఫ్యాక్టరీల రసాయనాలు మాత్రం కత్వకు లొంగవు. ఆ ముక్క మరిచిపోయి ‘నది తనను తాను శుభ్రం చేసుకుంటుంది’ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సూర్యాపేట పట్టణం ఏళ్ల తరబడి ఈ మూసీ నీళ్లే తాగింది. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాకే ఆ బాధ తప్పింది.

నీళ్లు తేడా చేస్తే మొదట తెలిసేది కోరంటి ఓపీలోనే. 2005లో హైదరాబాదులో కామెర్లు గుంపుగా లేచినప్పుడు కారణం హెపటైటిస్-ఇ అని తేలింది. మురుగు కాలువల మీదుగా పోయిన మంచినీటి పైపులు చేసిన నిర్వాకం అది. నిండు గర్భిణులకు ప్రాణాంతకమైన జబ్బు. 2009 మేలో భోలక్‌పూర్‌లో కుళాయి నీళ్లు తాగి మనుషులు చనిపోయినప్పుడు వాంతులు విరేచనాల రోగులు ఇక్కడికీ వచ్చారు. నీళ్ల జబ్బులే కాదు, 2020లో కరోనా, 2022లో మంకీపాక్స్ అనుమానితులూ ఆ గడపే తొక్కారు. ఉస్మానియా, గాంధీ కాలేజీల విద్యార్థులు అంటువ్యాధులు కళ్లారా చూసేదీ అక్కడే.

మనవాళ్లు ఊరికే రోగులను పంపుతూ కూర్చోలేదు. 2000 దశకంలో, ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ కమిషనర్‌గా ఉన్న రోజుల్లో, సూర్యాపేట మునిసిపాలిటీ వీధి చెత్తకుండీలు ఎత్తేసి, తడి చెత్త పొడి చెత్త ఇంటి దగ్గరే విడదీయించి, వానపాముల ఎరువు చేయించింది. వేరే రాష్ట్రాల నుంచి కూడా చూసిపోయారు. చెత్తకుప్ప లేని వీధిలో ఈగ ఎక్కడ గుడ్లు పెడుతుంది? కడుపు జబ్బుల పరిశోధనలో దాన్నీ ఒక అధ్యాయంగా లెక్కవేయాలి. చెత్త తర్వాత నీళ్ల సంగతి. గ్వాలియర్ రక్షణ ప్రయోగశాలలో మాంజా బృందం 1982లో తయారుచేసిన చిన్న సీసా పరీక్ష ఇప్పుడు పల్లెల దాకా వచ్చింది. సీసాలో మందు అద్దిన కాగితం ముక్క ఉంటుంది. గీత దాకా నీళ్లు నింపి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. నీళ్లు నల్లబడితే మలం కలిసిందని అనుమానించాలి. చదువు అంతంతమాత్రమున్న మనిషి కూడా ఆ నలుపును చదవగలడు.

2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, అదే ఏడాది నల్గొండకూ వచ్చింది. దీంతో కోరంటి బాట పట్టే అవసరం తగ్గింది. అతిసారం కేసు ఇక పట్నం పోనక్కర్లేదు. కంఠసర్పి, రేబిస్ లాంటివాటికి నల్లకుంట అనుభవం ఇంకా కావాలి. సూర్యాపేట కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగం ఉంది, సూక్ష్మజీవుల ల్యాబు ఉంది. ఏఎన్ఎం నింపే ఎస్ ఫారం, డాక్టరు నింపే పి ఫారం, ల్యాబు నింపే ఎల్ ఫారం మీద, 2004లో మొదలై దేశమంతా విస్తరించిన వ్యాధుల నిఘా నడుస్తోంది. ఇప్పుడది కంప్యూటర్‌కెక్కింది. మొదటి రెండూ ఎలాగో నిండుతాయి. కష్టమంతా మూడోదాంతోనే. రోగి ఆస్పత్రికి చేరేలోపే ఎవరో ఒకరు యాంటీబయాటిక్ సూది పొడిచేసి ఉంటారు, కల్చర్‌లో ఏమీ మొలకెత్తదు, ఏ క్రిమి వచ్చి పోయిందో ఎవరికీ తెలియదు. సూదికి ముందు, దూదిపుల్లతో మల నమూనా తీసి క్యారీ-బ్లెయిర్ మాధ్యమం ఉన్న గొట్టంలో పెడితే, ఐసు లేకున్నా ఒకట్రెండు రోజులు క్రిమి బతికే ఉంటుంది. కోదాడ నుంచి సూర్యాపేట ల్యాబుకు గంట ప్రయాణం.