గని పక్క బావి నీళ్లు: పాత లెక్క ఎక్కడుంది?

ఈ ఎపిసోడ్‌లో కాటారం వైపు బొగ్గు గనుల గురించి, అందులోనూ బొగ్గు కాని మట్టి గురించి మాట్లాడుకుందాం. గని పక్కన గుట్టలా పోసే ఆ మట్టిని మనోళ్లు ఓబీ మట్టి అంటారు. వాన పడ్డప్పుడు ఆ గుట్ట మీంచి దిగే నీళ్లు మన బావుల్లోకి, బోర్లలోకి చేరితే ఏమైతది?

ఈ ప్రశ్న చాలా పాతది. 1556లో అచ్చయిన గనుల పుస్తకంలో జర్మనీకి చెందిన అగ్రికోలా, గనులు వద్దనేవాళ్ల వాదన కూడా రాశాడు. ఖనిజం కడిగిన నీళ్లు వాగుల్లో కలిసి చేపల్ని చంపుతున్నాయని వాళ్లు అనేవాళ్లు. అంటే జనం కళ్లారా చూశారు, కారణం మాత్రం తెలియదు.

కారణం పైరైట్. ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఇది. భూమి లోపల ఉన్నన్ని రోజులు చప్పుడు చేయదు. తవ్వి బయట పోస్తే గాలి, నీళ్లు తగిలి సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారవుతుంది. ఆ యాసిడ్ రాళ్లలోని లోహాలను కరిగించి తీసుకొస్తుంది. బొగ్గు గనుల యాసిడ్ నీళ్లలో ఒక బ్యాక్టీరియా కూడా ఈ పనిలో ఉందని 1947లో అమెరికాలో కోల్మర్, హింకిల్ అనే ఇద్దరు చూపించారు. అందుకే గని మూసేసినా గుట్ట మాత్రం పని ఆపదు.

మరి మన దగ్గర? 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు. ఆ తర్వాత చాలా కాలం భూగర్భ గనులే. సింగరేణిలో ఓపెన్ కాస్ట్ 1975లో వచ్చింది. ఓపెన్ కాస్ట్ అంటే పైనున్న నేలంతా తీసి పక్కన పోయడమే. అట్లా గుట్టలు పెరిగాయి. కాటారం పక్కనే మల్హర్‌రావు మండలం తాడిచెర్లలో జెన్‌కో గని ఉంది. ఆ బొగ్గు చెల్పూరు కరెంటు ప్లాంటుకు పోతుంది.

ఇక్కడో మంచి విషయం చెప్పాలి. గోదావరి లోయ బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయలోని జైంతియా కొండల బొగ్గులో ఎక్కువ. అక్కడ నదులే యాసిడ్‌గా మారాయి. 2014లో ఎన్‌జీటీ ర్యాట్ హోల్ తవ్వకాలను ఆపేయమంది. అట్లని మనం నిశ్చింతగా ఉండొచ్చా? లేదు. యాసిడ్ లేకపోయినా సల్ఫేట్, కాఠిన్యం, సన్నటి మట్టి నీళ్లలోకి రావచ్చు.

అయితే నీళ్లు పాడయ్యాయని నేను అనడం లేదు. ఎట్లా తేల్చాలన్నదే నా పాయింట్. కడప జిల్లా తుమ్మలపల్లె చూడండి. అది యురేనియం గని, అక్కడి గొడవ వ్యర్థాల చెరువుది. బోరు నీళ్లు పాడయ్యాయి, అరటి తోటలు దెబ్బతిన్నాయి అని రైతులు అన్నారు. ఆ నేలలో యురేనియం సహజంగానే ఉంటుందని ఇంకో వాదన. ఇలాంటి గొడవను తేల్చేది ఒకటే: తవ్వకముందు అదే బావిలో నీళ్లు ఎట్లున్నాయి?

ఆ లెక్క రాసే పద్ధతి మనకుంది. 2006 నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికి పర్యావరణ అనుమతి కావాలంటే ముందే చుట్టుపక్కల నీళ్లు పరీక్షించి రిపోర్టులో పెట్టాలి. అనుమతి పత్రాలు పరివేష్ వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. దొరక్కపోతే ఆర్టీఐ ఉంది.

తర్వాత ఈ రోజు నీళ్లు టెస్టు చేయించండి. గుట్టకు ఎగువన ఒక బావి, దిగువన ఒక బావి. వానలకు ముందోసారి, తర్వాత ఓసారి. తాగేనీటికి బీఐఎస్ లెక్క ఇది: పీహెచ్ 6.5 నుంచి 8.5, లీటరుకు సల్ఫేట్ 200 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటొద్దు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు నీళ్లలో ఎంత కరిగిందో చెప్తది, ఏం కరిగిందో చెప్పదు. కాబట్టి ల్యాబ్ రిపోర్టే కావాలి.

పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన పెడితే అధికారులు మాటలతో దాటేయలేరు. మనమూ ఊరికే భయపడాల్సిన పని ఉండదు. మీ ఊరి పాత రిపోర్టు దొరికితే కామెంట్లో చెప్పండి.