మనసును గడియారంతో కొలిచిన శతాబ్దం

మనసును గురించిన అధ్యయనం ఎన్నటికీ అసలైన ప్రకృతి శాస్త్రం కాలేదని ఇమ్మాన్యుయేల్ కాంట్ 1786లో రాశాడు. శాస్త్రమనిపించుకునేది గణితానికి లొంగాలి. మనసులోని భావాలకు పొడవూ వెడల్పూ లేవు, ఉన్నదల్లా కాలమొక్కటే. పైగా పరిశీలించబోయేసరికి మనసు తన స్థితి మార్చుకుంటుంది. ఇదీ ఆయన వాదన. కాంట్ జీవితం దాదాపు అంతా తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లోనే గడిచింది. ఇప్పుడది రష్యాలోని కలినిన్‌గ్రాడ్. ఆయన ఆచార్య పీఠాన్ని 1809లో అందుకున్న హెర్బార్ట్ ఒక మెట్టు దిగివచ్చి, మనసుకు గణితం పనికొస్తుంది కానీ ప్రయోగం కుదరదన్నాడు. ఆ ప్రయోగానికి దారి తీసిన రెండు ముఖ్యమైన కొలతలు తర్వాతి దశాబ్దాల్లో ఆ ఊళ్లోనే జరిగాయి. రెండూ కాంట్ మిగిల్చిన ఆ ఒక్క పరిమాణాన్ని, అంటే కాలాన్ని పట్టుకుని చేసినవే.

అయితే ఆ కొలత అవసరం మొదట వచ్చింది నక్షత్రాల లెక్కలో. పద్దెనిమిదో శతాబ్దపు వేధశాలల్లో, టెలిస్కోపులో అమర్చిన సన్నని తీగను నక్షత్రం దాటే క్షణాన్ని కన్నూ చెవీ కలిపి నమోదు చేసేవారు. పరిశీలకుడు గడియారంలో సెకను చూసుకుని, కన్ను టెలిస్కోపుకు ఆనించి, టిక్కులను చెవితో లెక్కపెట్టుకుంటూ పోతాడు. తీగకు ముందు వచ్చిన టిక్కు దగ్గర నక్షత్రం ఎక్కడుందో, దాటాక వచ్చిన టిక్కు దగ్గర ఎక్కడుందో గుర్తుంచుకుని, ఆ దూరాలను బట్టి సెకనులో పదో వంతు వరకు అంచనా కడతాడు. చూపు, వినికిడి, జ్ఞాపకం, తీర్పు అన్నీ ఒక్క క్షణంలో కలిసే పని ఇది. దీన్ని అప్పట్లో కేవలం నైపుణ్యం కిందే లెక్కించారు.

గ్రీనిచ్ వేధశాలలో 1795 నుంచి సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్ లెక్కలు రాజ ఖగోళవేత్త నెవిల్ మాస్కెలిన్ లెక్కల కన్నా అర సెకను వెనకబడసాగాయి. హెచ్చరించినా ఫలితం లేకపోయింది. 1796 జనవరి నాటికి తేడా 0.8 సెకన్లయింది. నక్షత్రాన్ని చూసి గడియారాన్ని సరిదిద్దుతారు, ఆ గడియారాన్ని బట్టి రేఖాంశాలు లెక్కిస్తారు. భూమధ్యరేఖ దగ్గర 0.8 సెకన్లంటే నేల మీద దాదాపు 370 మీటర్లు. మాస్కెలిన్ కిన్నెబ్రూక్‌ను ఉద్యోగం నుంచి తీసేసి, కారణాన్ని వేధశాల నివేదికలో రాసిపెట్టాడు.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఆ సంగతి కోనిగ్స్‌బర్గ్ వేధశాల అధిపతి ఫ్రీడ్రిక్ బెసెల్ కంటబడింది. ఇద్దరు మనుషుల మధ్య అంత తేడా, అదీ హెచ్చరించిన తర్వాత కూడా, కేవలం అజాగ్రత్త వల్ల వస్తుందా అని ఆయనకు సందేహం కలిగింది. 1820-21 శీతాకాలంలో తన లెక్కలను వాల్బెక్ అనే ఖగోళవేత్త లెక్కలతో పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా ఒక సెకనుకు పైగానే తేలింది. ఇద్దరూ ఆరితేరిన పరిశీలకులు, ఎవరిదీ తప్పు కాదు. ఒకే ఘటన ఇద్దరి మనసులకు ఒకే క్షణంలో అందదు. ఖగోళవేత్తలు ఈ తేడాకు వ్యక్తిగత సమీకరణం అని పేరుపెట్టి, లెక్కల్లోంచి తీసేయడం నేర్చుకున్నారు. వైయక్తిక భేదాలు అనే భావనకు తొలి అంకెలు ఇక్కడే పుట్టాయి. అప్పటికి కిన్నెబ్రూక్ బతికి లేడు. మనోవిజ్ఞాన చరిత్రలో అతనికి దక్కవలసిన చోటు చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యానికి మించలేదు. నిజానికి అతని లెక్కలే ఈ శాస్త్రానికి తొలి దత్తాంశం.

కోనిగ్స్‌బర్గ్‌లో జరిగిన రెండో కొలత 1850 నాటిది. నాడిలో సంకేతం పరుగెత్తే వేగాన్ని ఎన్నటికీ కొలవలేమని శరీరధర్మ శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ భావించాడు. ఆయన శిష్యుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ కప్ప కాలి కండరాన్ని, దానికి అంటిన నాడినీ తీసుకుని, నాడిని ఒకసారి కండరానికి దగ్గర, ఇంకోసారి దూరంగా విద్యుత్తుతో తాకించాడు. కండరం ముడుచుకోవడానికి పట్టిన కాలాల తేడాను బట్టి వేగం తేలింది. అది సెకనుకు సుమారు 27 మీటర్లు, ధ్వని వేగంలో పదో వంతు కూడా లేదు. కాలు కదపాలనుకోవడం, కాలు కదలడం ఒకే క్షణంలో జరుగుతాయన్న అనాది నమ్మకం అక్కడితో పోయింది. ఆ రెంటి మధ్య కాలం ఉంది. కాలం ఉన్నచోట కొలత సాధ్యమే.

ఆ కాలాన్ని ముక్కలు చేసే ఉపాయం హాలండ్‌లోని యూట్రెక్ట్‌లో ఫ్రాన్సిస్కస్ డాండర్స్‌కు తట్టింది. ప్రయోజ్యుడి పాదాలకు చిన్న విద్యుత్ తాకిడి ఇస్తారు, అతను అదే వైపు చేతితో జవాబివ్వాలి. ఏ పాదమో ముందే చెప్పి ఒకసారి, చెప్పకుండా ఇంకోసారి చేయించారు. రెండోదానికి సెకనులో దాదాపు 15వ వంతు ఎక్కువ పట్టింది. కాలు, చెయ్యి, నాడి అన్నీ అవే. పెరిగినదల్లా కుడో ఎడమో తేల్చుకోవడం. కాబట్టి పెద్ద కాలంలోంచి చిన్నదాన్ని తీసివేస్తే మిగిలేది ఆ నిర్ణయానికి పట్టిన వేళ అని 1868లో డాండర్స్ ప్రకటించాడు. ఒక మానసిక క్రియకు వ్యవధి కట్టిన తొలి సందర్భంగా దీన్ని చెప్పుకోవచ్చు. ప్రతిచర్యా కాలం అన్న పాఠానికి ఇదే మూలం.

ఈలోగా లైప్‌జిగ్‌లో ఇంకో దారి తెరుచుకుంది. ఎర్నెస్ట్ వేబర్ 1834లో బరువుల మీద చేసిన ప్రయోగాల్లో, తేడా తెలియడానికి చేర్చవలసిన బరువు మొదటి బరువుకు ఒక స్థిర నిష్పత్తిలో ఉంటుందని కనిపెట్టాడు. చేతితో ఎత్తి చూసినప్పుడు అది సుమారు నలభయ్యో వంతు. 40 తులాలకు ఒక తులం చాలు, 80 తులాలకైతే రెండు కావాలి. గుస్టావ్ ఫెక్నర్ దీన్ని గణిత సూత్రంగా మలచి 1860లో మనోభౌతిక శాస్త్రం మీద గ్రంథం వెలువరించాడు. సంవేదన, అవధి (అంటే తెలియడం మొదలయ్యే హద్దు) అనే భావనలు నేటికీ ఆయన పెట్టిన చట్రంలోనే ఉన్నాయి.

ఈ దారులన్నిటినీ ఒక్కచోటికి చేర్చినవాడు విల్‌హెల్మ్ వుంట్. ఆయన హైడెల్‌బర్గ్‌లో హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర సహాయకుడిగా పనిచేసి, 1875లో లైప్‌జిగ్‌లో తత్వశాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1879లో విశ్వవిద్యాలయ భవనంలోని చిన్న చోటులో ప్రయోగశాల మొదలుపెట్టాడు. టెట్, డీఎస్సీలకు చదివే తెలుగు అభ్యర్థి కంఠతా పట్టే సంవత్సరం ఇదే. దాన్ని పుట్టినరోజుగా ఎంచడం ఒక సౌలభ్యం మాత్రమే. హార్వర్డ్‌లో విలియం జేమ్స్ 1875 నాటికే పరికరాలు సమకూర్చుకున్నాడు, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం వుంట్ సంస్థను అధికారికంగా గుర్తించింది 1883లో. పరికరాల కన్నా వుంట్ సాధించిన పెద్ద సంగతి ఒక శిక్షణా క్రమాన్ని నిలబెట్టడం. విద్యార్థులు వంతులవారీగా ప్రయోక్తలు, ప్రయోజ్యులు అయ్యేవారు. సెకనులో వెయ్యో వంతు చూపే హిప్ క్రోనోస్కోపు ముందు కూర్చుని, శబ్దం వినగానే మీట వదిలేవారు. ఫలితాలకు 1881లో సొంత పత్రిక కూడా వచ్చింది. అక్కడే 1888లో లుడ్విగ్ లాంగె ఒక విశేషం చూపాడు. ధ్యాస రాబోయే శబ్దం మీద పెట్టినవాడి కన్నా, కదలాల్సిన వేలి మీద పెట్టినవాడు సెకనులో దాదాపు పదో వంతు ముందే స్పందిస్తాడు. అవధానం అంతవరకు తత్వవేత్తల చర్చ, ఇక్కడి నుంచి కొలిచే వస్తువు. దానితోపాటు డాండర్స్ తీసివేతకూ చిక్కు వచ్చిపడింది. పని మారితే మనసు సన్నద్ధతే మారిపోతున్నప్పుడు, ఒక క్రియను మాత్రం విడదీసి తూకం వేయడం ఎలా అన్న ప్రశ్న ఈ పద్ధతి మీద నమ్మకాన్ని సడలించింది.

ప్రయోగశాల ఏదీ లేకుండా ఒంటరిగా పనిచేసిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ కథ వేరు. అర్థం లేని సుమారు 2300 అక్షర సముదాయాలు తయారుచేసుకుని, తానే ప్రయోక్త, తానే ప్రయోజ్యుడై వల్లెవేశాడు. మళ్లీ నేర్చుకోవడానికి పట్టే సమయంలో ఎంత ఆదా అయిందన్నదే ఆయన కొలబద్ద. 20 నిమిషాలకు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 34, 31 రోజులకు 21 శాతం ఆదా మిగిలింది. మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నింపాదిగా సాగుతుందని 1885లో వచ్చిన ఆ పుస్తకం నిరూపించింది. ఉన్నత మానసిక వ్యాపారాలు ప్రయోగానికి అందవన్న వుంట్ అభిప్రాయానికి ఇంతకన్నా మంచి జవాబు లేదు.

లైప్‌జిగ్‌లో వుంట్ శిష్యులు ఖండాలు దాటారు. వారిలో మ్యూన్‌స్టర్‌బర్గ్ హార్వర్డ్‌కు, స్పియర్‌మన్ లండన్‌కు చేరారు. మ్యూన్‌స్టర్‌బర్గ్ దగ్గర చదివిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో, స్పియర్‌మన్ దగ్గర చదివిన ఎం.వి. గోపాలస్వామి 1924లో మైసూరులో మనోవిజ్ఞాన శాఖలు నెలకొల్పారు. భారతదేశపు తొలి రెండు శాఖలూ రెండు తరాల దూరంలో ఒకే గురువుకు చేరతాయి.

తర్వాతి మలుపు లైప్‌జిగ్ పద్ధతికే ఎదురు తిరిగింది. అక్కడ వాడిన అంతఃపరీక్షణలో, అంటే తన మనసులో జరిగేదాన్ని తానే గమనించి చెప్పడంలో, ఒకరి మాట ఇంకొకరు సరిచూడలేరు. ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల లాలాజలాన్ని కొలిచి అభ్యసనానికి బయటి నుంచి కనిపించే ఆధారం చూపించాడు. 1913లో జాన్ వాట్సన్ ప్రవర్తన ఒక్కటే ఈ శాస్త్రానికి వస్తువని తేల్చాడు. మనసు అనే మాట అమెరికా ప్రయోగశాలల నుంచి కొన్ని దశాబ్దాలు వెనక్కి తప్పుకుంది.

దాన్ని తిరిగి తెచ్చినవాటిలో ప్రతిచర్యా కాలమూ ఒకటి. బెల్ ప్రయోగశాలల్లో సాల్ స్టెర్న్‌బర్గ్ 1966లో ప్రయోజ్యులకు కొన్ని అంకెలు చూపించి, తర్వాత చూపిన అంకె వాటిలో ఉందో లేదో అడిగాడు. గుర్తుంచుకోవలసిన అంకె ఒక్కొక్కటి పెరిగేకొద్దీ జవాబు సుమారు 38 మిల్లీసెకన్లు ఆలస్యమైంది. ఆయన ఏ దశనూ తీసివేయలేదు. పనిని అలాగే ఉంచి, ఒక్క దశ మీది భారాన్ని మాత్రం పెంచాడు. లాంగె ప్రయోగం నాటి నుంచి డాండర్స్ పద్ధతిని వెంటాడిన అభ్యంతరం దీనితో చాలావరకు తొలగింది.