పొదుపు చెప్పినవారు, పుష్కలం చెప్పినవారు



"కొంచెం తక్కువగా వాడుకోండి" అని అడిగి ఎన్నికలలో గెలిచిన నాయకుడు చరిత్రలో ఉన్నాడా? "కావలసినంత ఇస్తాను" అన్నవాడిదే ఎల్లప్పుడూ పైచేయి అవుతుందా? కరెంటును గురించి మన నేలమీద నలభై యేళ్ళకు పైగా సాగుతున్న వాదాన్ని గమనించిన కొద్దీ నాలో ఈ ప్రశ్న బలపడుతూ వచ్చింది. సమాధానం కోసం రెండు ఎన్నికలను పక్కపక్కన పెట్టి చూడాలని తోచింది. ఒకటి 1980 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక. రెండవది 2004 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నిక. చూసే చోటు మాత్రం మా కంగ్టి. ఏ పెద్ద కాలువా చేరని మెట్టప్రాంతం కనుక, కరెంటు మాటకు ఇక్కడ ఉన్నంత బరువు పట్నంలో ఉండదు.

ముందుగా అమెరికా కథ. 1973 నాటి అరబ్బు దేశాల చమురు నిషేధంతో ధరలు కొద్ది నెలలలోనే దాదాపు నాలుగింతలయ్యాయి. ఆ దెబ్బ మానకముందే, 1977 జనవరిలో జిమ్మీ కార్టర్ అధ్యక్షుడయ్యాడు. పదవికి వచ్చిన రెండు వారాలకే, ఫిబ్రవరి 2న, ఉన్ని స్వెటరు తొడుక్కొని చలిమంట పక్కన కూర్చొని టెలివిజనులో దేశప్రజలతో మాట్లాడాడు. ఇళ్ళలో వెచ్చదనాన్ని పగలు 65, రాత్రి 55 ఫారన్‌హీట్ డిగ్రీలకు తగ్గించుకొమ్మని కోరాడు. చెప్పి ఊరుకోలేదు, శ్వేతసౌధంలోనూ తగ్గించాడు. 1979 జూన్‌లో ఆ భవనం కప్పుమీద నీళ్ళు కాచే సౌరఫలకాలు 32 పెట్టించాడు. ఆ ఏడాది జూలై 15న చేసిన ప్రసంగంలో మరొక మెట్టు పైకి వెళ్ళి, దేశానికి వచ్చినది చమురు కొరత మాత్రమే కాదు, ఆత్మవిశ్వాసపు కొరత అన్నాడు. వస్తువులను పోగుచేసుకోవడంతో జీవితానికి అర్థం రాదన్నాడు. ఒక దేశాధినేత నోట ఇలాంటి మాట అరుదు. మన పాఠ్యపుస్తకాలలోని సుభాషితాలకు దగ్గరి చుట్టమది.

అతనికి ఎదురు నిలిచినవాడు రొనాల్డ్ రీగన్. 1979 నవంబరు 13న తన అభ్యర్థిత్వాన్ని ప్రకటించిన ఉపన్యాసంలోనే ఇంధనాన్ని ప్రస్తావించాడు. వృథా కూడదు, నిజమే. కాని తక్కువ వాడుకొమ్మనడమే పరిష్కారం కాజాలదని అతని వాదం. నేలలో ఉన్న సంపదను తోడుకోనీయకుండా ప్రభుత్వమే అడ్డుపడుతున్నదన్నాడు. 1980 నవంబరు 4న ఫలితం తేలింది. ఎలక్టొరల్ ఓట్లు రీగన్‌కు 489, కార్టర్‌కు 49. శ్వేతసౌధానికి మరమ్మతులు జరిగిన 1986లో ఆ సౌరఫలకాలు కిందికి దిగాయి, అవి మళ్ళీ ఆ కప్పు ఎక్కలేదు.

ఇంతటితో కథ ముగించి, "పొదుపు చెప్పినవాడు ఓడిపోయాడు, చూశారా!" అనడం చాలామందికి అలవాటు. కాని చరిత్ర అంత తేలికగా నీతి చెప్పదు. జూలై 15 నాటి ప్రసంగం విన్న జనం మొదట కార్టర్‌ను మెచ్చుకొన్నారు. అతని పట్ల ఆదరణ పెరిగింది. రెండు రోజులకే అతడు మంత్రివర్గమంతటినీ రాజీనామాలు అడగడంతో, ఇంటాయనకే దారి తెలియడం లేదన్న అనుమానం పుట్టింది. ఆ పైన ధరల పెరుగుదల. ఆ పైన టెహ్రానులో బందీలైన రాయబార కార్యాలయం వారు. జనం కాదన్నది పొదుపును అనడం కన్నా, పొదుపు చెబుతున్న ఇంటిపెద్ద మీద నమ్మకం సడలిపోయిందనడం న్యాయం.

ఇక మన కథ. 1983లో అధికారానికి వచ్చిన నందమూరి తారక రామారావుగారు వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవరుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున ఒకే రేటు పెట్టారు. అయిదు హార్స్‌పవర్ల మోటారుకు ఏడాదికంతా 250 రూపాయలు. అలాంటి మోటారు గంట తిరిగితే దాదాపు నాలుగు యూనిట్లు కాలుతుంది. కాని గంట తిప్పినా, పది గంటలు తిప్పినా బిల్లు మాత్రం ఒక్కటే. ఉచిత విద్యుత్తు 2004లో పుట్టిందని మనమంతా అనుకొంటాం. నా ఉద్దేశంలో దాని జాతకం అంతకు చాలా ముందే, పొలంలో మీటరుతో పని లేకుండా పోయిననాడే వ్రాయబడింది. ధర కన్నా ముందు పోయినది లెక్క.

1998లో నారా చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వం విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చింది. 1999లో విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. ఛార్జీలు నిర్ణయించడానికి నియంత్రణ మండలి ఏర్పడింది. వెనుక ప్రపంచ బ్యాంకు ఋణం ఉన్నది. వాడుకొన్నదానికి చెల్లించాలి, లేకపోతే సంస్థ మునుగుతుంది అన్నది సంస్కరణల సారాంశం. లెక్కల మాస్టారి దృష్టిలో అది తప్పని అనలేము. కాని 2000లో ఛార్జీలు పెరిగినప్పుడు ఊళ్ళలో పరిస్థితి ఏమిటి? వచ్చే కరెంటుకు వేళాపాళా లేదు. వచ్చినా వోల్టేజి చాలక మోటార్లు కాలిపోయేవి. అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం రైతు లాంతరు పట్టుకొని పాముల మధ్య పొలానికి నడిచేవాడు. అదే కాలంలో హైదరాబాదులో హైటెక్ సిటీ దీపాలతో వెలిగిపోయేది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఛార్జీల పెంపునకు వ్యతిరేకంగా సాగిన ప్రదర్శన మీద పోలీసులు కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి అనే ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆనాటి నుంచి కరెంటు బిల్లు ఆర్థిక విషయంగా మిగలలేదు.

2003 ఏప్రిల్ 9న చేవెళ్ళలో పాదయాత్ర ప్రారంభించిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ఇచ్ఛాపురం దాకా నడిచారు. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఆయన ప్రచారానికి పతాక అయింది. ఉచితంగా ఇస్తే తీగలు బట్టలు ఆరవేసుకొనేందుకే పనికి వస్తాయన్న మాట చంద్రబాబుగారి పేర ఊరూరా తిరిగింది. ఆయన అన్నారా, అనలేదా అన్న వివాదం అటుంచితే, ఆ మాట అంతగా నాటుకొన్నదంటే వినేవారి గుండెలో దానికి ముందే చోటు ఉన్నదన్నమాట. 2004 ఎన్నికలలో 294 స్థానాలకు కాంగ్రెసుకు 185 రాగా తెలుగుదేశానికి 47 మాత్రమే మిగిలాయి. మే 14న ప్రమాణస్వీకారం చేసిన రాజశేఖరరెడ్డిగారి తొలి సంతకం ఉచిత విద్యుత్తు మీదనే.

కార్టర్‌కూ చంద్రబాబుగారికీ ఒక భేదం స్పష్టంగా కనబడుతుంది. కార్టర్ పొదుపు చెప్పినది సమృద్ధిగా వాడుకొంటున్నవారికి. చంద్రబాబుగారి మాట చేరినది ఇంకా సరిగా అందనివారికి. విస్తట్లో వడ్డించకముందే మితాహారం గొప్పతనం చెబితే ఏ అతిథి మాత్రం మెచ్చుకొంటాడు?

ఇప్పుడు మా ఊరి సంగతి. మా నారాయణఖేడ్ తాలూకా 1956 దాకా బీదరు జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరింది. 2016లో సంగారెడ్డి జిల్లా పాలయింది. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ కలిసిన సరిహద్దు. కంది, పెసర, జొన్న, శనగ వాన మీద పండే పైరులు. మంజీర మా ప్రాంతపు అంచున పారుతుంది. సింగూరులో ఆగి హైదరాబాదు దాహం తీర్చింది. నీరు పల్లమెరుగునన్నారు. మాది మెరక.

నా వద్ద చదువుకొని సేద్యంలో స్థిరపడిన శిష్యుడొకడు ఒకనాడు నాతో వాదానికి దిగాడు. ఉచితంగా వచ్చినదానికి విలువ ఉండదు కదా నాయనా అన్నాను. "సారూ, కాలువ కింద ఉన్నోళ్ళకు డ్యాములు సర్కారే కట్టిచ్చె, నీళ్ళు సర్కారే ఇడిచె. మాకు బోరు మేమే ఏసుకోవాలె, మోటరు మేమే కొనాలె, కాలితే మేమే బాగుచేయించుకోవాలె. గా కరెంటొక్కటి ఊకెనే ఇస్తే మీకెందుకు బాధ?" అన్నాడు. నాకిది తిరుగులేని వాదంగా తోచింది. కాలువ రైతుకు దక్కిన ప్రభుత్వ సహాయానికి బోరు రైతు అడిగే జవాబే ఉచిత విద్యుత్తు. దీనిని పప్పుబెల్లాల పంపకమని ఈసడించేవారు ఈ న్యాయాన్ని మరచిపోతున్నారు.

అయితే వాడే కొంతసేపటికి, "మా బోరు మునుపటి లెక్క పోస్తలేదు సారూ, పక్కాయన ఇంకా లోతుకు దించిండు" అన్నాడు. అసలు కథ అక్కడున్నది.

మా చిన్ననాడు మోటబావులు ఉండేవి. ఎద్దులు మోట లాగి లాగి పొద్దెక్కేసరికి అలసిపోయేవి. వాటి అలసటే బావికి రక్ష. రాత్రికి మళ్ళీ నీరూరేది. మోటారుకు అలసట లేదు. దానిని ఆపేది మూడే: కరెంటు పోవడం, బిల్లు భయం, నీరు అయిపోవడం. బిల్లు భయం ముందే పోయింది. తెలంగాణ ప్రభుత్వం 2018 జనవరి 1 నుంచి సుమారు 23 లక్షల పంపుసెట్లకు ఇరవైనాలుగు గంటల ఉచిత సరఫరా ప్రారంభించింది. రాత్రివేళ చీకట్లో నడిచే కష్టం తప్పినందుకు ప్రతి రైతూ సంతోషించవలసినదే; నేనూ సంతోషించాను. కాని దానితో మిగిలిన అడ్డు ఒక్కటే, నీరు అయిపోవడం. కరెంటు రాగానే తనంతట తాను మోటారును తిప్పే ఆటో స్టార్టర్లను తీసివేయమని అప్పట్లో ఆ ప్రభుత్వమే రైతులను వేడుకొన్నదంటే, ఇచ్చేవారికీ ఈ భయం తెలుసునన్నమాట.

తెలియని ప్రభుత్వం ఏదీ లేదు కూడా. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం, మనం వాల్టా అనేది, బోరుకూ బోరుకూ మధ్య దూరం ఉండాలన్నది. ఉచిత విద్యుత్తు ఇచ్చిన ప్రభుత్వమే 2005లో కెపాసిటరు, మంచి మోటారు, సరైన పైపు, ఫుట్‌వాల్వు పెట్టుకోవాలన్న షరతులు విధించింది. ఇవన్నీ మంచి పొదుపు మాటలే. కాని ఏ పార్టీ కూడా వీటిని గోడల మీద వ్రాయించి ఓటు అడగలేదు. పొదుపు ఉత్తర్వుల్లో ఉంటుంది, పుష్కలం ఉపన్యాసాల్లో ఉంటుంది.

2023 ఎన్నికలలో ఇది పరాకాష్ఠకు చేరింది. చిన్నరైతుకు మూడు గంటల కరెంటు చాలునన్న అర్థంలో రేవంత్ రెడ్డిగారు ఆ జూలైలో అమెరికాలో అన్న మాటను భారత రాష్ట్ర సమితి ప్రధానాస్త్రంగా చేసుకొన్నది. మాటను వక్రీకరించారని కాంగ్రెసు వారన్నారు. తామూ ఇరవైనాలుగు గంటలు ఇస్తామన్నారు. పైగా ఇళ్ళకు నెలకు 200 యూనిట్లు ఉచితమన్నారు. డిసెంబరు 3న కాంగ్రెసుకు 64, భారత రాష్ట్ర సమితికి 39 స్థానాలు వచ్చాయి. గంటలను గురించి అంత యుద్ధం జరిగినా, ఎకరాకు ఎంత నీరు చాలునన్న ప్రశ్న ఇరుపక్షాల సభల్లోనూ వాదానికి రాలేదు. 2022 ఫిబ్రవరిలో నారాయణఖేడ్‌లో శంకుస్థాపన జరిగిన బసవేశ్వర, సంగమేశ్వర ఎత్తిపోతలు కూడా సింగూరు నీటిని కరెంటుతోనే మెరకకు ఎక్కించాలి. మాకు నీరంటే కరెంటే, ఏ దారిన వచ్చినా.

నాకు తోచిన నిర్ణయమిది. జనానికి పొదుపు మీద ద్వేషం లేదు. చెప్పేవాడెవడు, ఎవరికి చెబుతున్నాడు, ముందు తానెంత తగ్గించుకొన్నాడు అన్నవి చూస్తారు. కార్టర్ మూడవ పరీక్షలో నెగ్గి మొదటిదానిలో జారాడు. మన సంస్కర్తలు రెండవదానిలోనే తప్పారు. కనుక మెట్ట రైతుకు కరెంటు ఉచితంగా ఇవ్వడం న్యాయం. కాని ఆ ఇచ్చే చేతికే నీటి లెక్క అడిగే ధైర్యమూ ఉండాలి. మీటరు అంటే బిల్లు అని రైతు భయపడినంతకాలం ఆ లెక్క కుదరదు. లెక్క వేరు, వసూలు వేరు అని నమ్మించగలిగినవాడు రావాలి. ఊరి బోర్లలో నీరెంత లోతున ఉన్నదో పంచాయతీ గోడమీద నెలనెలా వ్రాసినా ఒక మొదలే.

ఎన్ని గంటలు ఇస్తారని అభ్యర్థులను మనం చాలాసార్లు అడిగాము. ఎన్నేళ్ళు నీరు ఉంటుందని అడగడం ఇంకా మొదలుపెట్టలేదు. మీ మీ ప్రాంతాలలో, ముఖ్యంగా అనంతపురం, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మెట్ట ఊళ్ళలో అనుభవం ఎలా ఉన్నదో మిత్రులు తెలియజేస్తే సంతోషిస్తాను.