రెండు డ్రైవులలో ఫైళ్ళ అమరిక

ఒక కంప్యూటరులో రెండు డ్రైవులు ఉన్నప్పుడు, ఏ ఫైలు ఎందులో ఉండాలో నిర్ణయించి, అడిగిన వెంటనే దొరికేటట్లు ఉంచడాన్ని '''ఫైళ్ళ అమరిక''' అంటారు. ఫైళ్ళను రెండు డ్రైవులకు పంచడం వేరు, ఒకే ఫైలుకు రెండు ప్రతులు ఉంచడం వేరు. ఈ భేదం తెలియకపోతే కుటుంబ ఛాయాచిత్రాలు, ధ్రువపత్రాల ప్రతులు తిరిగిరాకుండా పోయే ప్రమాదం ఉన్నది.

== డ్రైవులు, భాగాలు ==
హార్డు డిస్కులో సమాచారం తిరిగే అయస్కాంత పళ్ళెములపై ఉంటుంది. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగాలు ఉండవు కనుక అది వేగంగా పనిచేస్తుంది. అయితే ఎస్‌ఎస్‌డి నుండి తొలగించిన ఫైలును తిరిగి రాబట్టడం చాలా కష్టం.

విండోస్‌లో ఏ, బి అక్షరాలను ఫ్లాపీ డ్రైవులకు కేటాయించినందున హార్డు డిస్కుకు సి అనే పేరు వచ్చింది. సి, డి అని రెండు కనిపించినంత మాత్రాన రెండు పరికరాలు ఉన్నట్లు కాదు. ఒకే డిస్కును రెండు భాగాలుగా విభజించినా అలాగే కనిపిస్తుంది. ఆ డిస్కు చెడిపోతే రెండు భాగాలూ పోతాయి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచినప్పుడు డిస్క్ 0, డిస్క్ 1 అని వేరువేరుగా ఉంటే అవి రెండు పరికరాలని గ్రహించవచ్చును.

== పంపకం ==
* '''మొదటి డ్రైవు:''' ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, ప్రస్తుతం పని జరుగుతున్న ఫైళ్ళు. ఇందుకు ఎస్‌ఎస్‌డి అనుకూలం.
* '''రెండవ డ్రైవు:''' ఛాయాచిత్రాలు, వీడియోలు, పాటలు, పూర్తయిన పనులు.

ప్రోగ్రాము ఫోల్డరును వేరే డ్రైవుకు జరిపితే సాధారణంగా ఆ ప్రోగ్రాము పనిచేయదు. దానిని తొలగించి, కొత్త చోట తిరిగి స్థాపించవలెను. మౌసుతో ఫైలును లాగినప్పుడు అదే డ్రైవులో అయితే ఫైలు జరుగుతుంది, వేరే డ్రైవుకైతే నకలు ఏర్పడుతుంది. ఏది తాజా ప్రతియో తెలియని గందరగోళానికి ఇది ఒక ముఖ్య కారణం.

== పేర్లు ==
ఫైలు పేరును సంవత్సరం, నెల, తేదీ వరుసలో మొదలుపెడితే (ఉదాహరణకు 2024-06-12) ఫైళ్ళు కాలక్రమంలో అమరుతాయి. యూనికోడ్‌లో తెలుగు 1991 నుండి ఉన్నది. నేటి కంప్యూటర్లలో ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టవచ్చును. అను వంటి యూనికోడేతర ఖతులతో టైపు చేసిన పాత పత్రాలు ఆ ఖతి లేనిచోట చదవరావు. అందుచేత ఖతిని కూడా పత్రంతో పాటు భద్రపరచవలెను.

== పటాన్‌చెరు ఉదాహరణ ==
ఈ సూత్రాన్ని విత్తనాల విషయంలో పాటిస్తున్న సంస్థ సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో ఉన్నది. 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ తన జన్యు నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి పంటల విత్తనాలను భద్రపరుస్తున్నది. పరిశోధకులకు పంపే విత్తనాలు సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద, దీర్ఘకాలం దాచేవి మైనస్ 20 డిగ్రీల వద్ద ఉంటాయి. ప్రతి నమూనాకు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. కంది సంఖ్యలు ఐసీపీ అక్షరాలతోను, వేరుశనగ సంఖ్యలు ఐసీజీ అక్షరాలతోను మొదలవుతాయి. రెండు గదులూ ఒకే ఆవరణలో ఉన్నందున, 2008లో నార్వేలో ప్రారంభమైన స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానికి కూడా నకళ్ళను పంపారు.

== భద్రత ==
ఇంటి కంప్యూటరుకూ ఇదే వర్తిస్తుంది. ఒకే పెట్టెలోని రెండు డ్రైవులు పిడుగుపాటుకో, దొంగతనానికో ఒకేసారి గురికావచ్చును. కనుక ముఖ్యమైన ఫైళ్ళకు మూడు ప్రతులు ఉంచి, వాటిని రెండు రకాల పరికరాలలో నిల్వ చేసి, ఒక ప్రతిని ఇంటి బయట ఉంచడం మేలు. బయటి ప్రతిని బంధువుల ఇంట ఉంచిన డిస్కులో గాని, అంతర్జాల నిల్వలో గాని ఉంచవచ్చును. నకలు తీసిన తరువాత అందులోని కొన్ని ఫైళ్ళను తెరిచి చూడాలి. అవి సరిగా తెరుచుకున్న తరువాతనే పాత ప్రతిని తొలగించవలెను.