మూగపోయిన తీగకు కావలి

దూరమున నున్న బంధువునకు ఉత్తరము వ్రాసితిమి, జవాబు రాలేదు. వారికి వ్రాయదగిన విశేషము లేకపోయెనా, లేక ఉత్తరమే దారిలో తప్పిపోయెనా? ఊరక ఎదురుచూచుచు కూర్చున్నచో ఈ రెంటికిని భేదము తెలియదు. దూరప్రదేశములను తీగలతో కలిపిన నాటినుండి ఇంజనీర్లకు ఎదురైన చిక్కు ఇదియే. మాట లేకపోవుట వేరు, మార్గము చెడిపోవుట వేరు. ఈ భేదమును వెంటనే గుర్తించు విద్యను మానవుడు అట్లాంటిక్ మహాసముద్రముపై పెక్కు నష్టములకోర్చి నేర్చుకొనెను.

1858 ఆగస్టు 5వ తేదీన ఐర్లండునందలి వలెన్షియా ద్వీపమునకును, అమెరికా వైపున నున్న న్యూఫౌండ్లాండునకును మధ్య మొదటి తీగను వేయుట ముగిసినది. రాగి తీగకు గట్టాపర్చా అను చెట్టుపాల పదార్థమును పూతగా వేసిరి. విద్యుత్తు సముద్రజలములోనికి పోకుండ ఆ పూత కాపాడవలెను. కాని తీగ మొదటినుండియు దుర్బలముగనే యుండెను. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశము చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. సంకేతములు సరిగా అందుటలేదని వైట్‌హౌస్ అను అధికారి సుమారు 2,000 వోల్టులను ప్రయోగించెను. బలహీనమైన పూత మరింత చెడెను. కొద్ది వారములలో తీగ మూగపోయినది.

అయినను ఆ కొద్ది దినములలోనే దాని విలువ తెలిసెను. భారతదేశమందలి 1857 తిరుగుబాటు కారణముగా ఉత్తర అమెరికానుండి బయలుదేరవలసిన రెండు పటాలములను అక్కడనే యుండుమని తీగపై వార్త పంపిరి. అందువలన సుమారు 50 వేల పౌన్ల వ్యయము తప్పినది.

1865లో గ్రేట్ ఈస్టర్న్ అను మహానౌక క్రొత్త తీగతో బయలుదేరెను. విలియం థామ్సన్ కనిపెట్టిన అద్దపు గాల్వనోమీటరు తోడుగా నుండెను. అందు చిన్న అద్దముపై బడిన దీపకాంతి ఒక కొలబద్దపై వెలుగుచుక్కగా కనబడును. అతి స్వల్పమైన విద్యుత్తు ప్రవహించినను చుక్క జరుగును. తీగ రెండవ కొనను దేనికిని తగులనీయక ఈ కొననుండి విద్యుత్తు పంపినపుడు, పూత బాగున్నయెడల ప్రవాహము మిక్కిలి స్వల్పముగా నుండును. చుక్క హఠాత్తుగా జరిగినచో ఎచ్చటనో పూతకు రంధ్రము పడినదన్నమాట.

ఎచ్చట? దానికి ఓం సూత్రము తోడ్పడును. మైలు తీగకు నిరోధము 4 ఓములని అనుకొనుడు. కొలిచినపుడు 240 ఓములు కనబడినచో దోషము సుమారు 60 మైళ్ల దూరమున నున్నదని అంచనా వేయవచ్చును. జూలై 24న చుక్క ఇట్లే హెచ్చరించెను. తీగను వెనుకకు లాగిచూడగా ఒక ఇనుపతీగ ముక్క పూతలో గ్రుచ్చుకొనియుండెను.

కాని ఆ ఏర్పాటులో ఒక లోపము కలదు. పూతను పరీక్షించుటయు, తీరముతో సంభాషించుటయు వంతులవారీగా జరిగెడివి. సంభాషించునంతసేపు పూతకు కావలి లేదు. ఆ వ్యవధిలో చెడిన భాగము నీటిలో దిగిపోవచ్చును. ఆగస్టు 2న మరియొక దోషమును సరిచేయుటకై పైకి లాగుచుండగా తీగ తెగి సముద్రగర్భమున పడిపోయెను.

1866లో విల్లోబీ స్మిత్ ఈ లోపమును సవరించెను. తీరమునందు తీగకును గాల్వనోమీటరునకును నడుమ చాల హెచ్చు నిరోధము నుంచి, పరీక్షకు విరామము లేకుండగనే ఇరువైపుల వారును సంకేతములు పంపుకొనునట్లు చేసెను. జూలై 27న తీగ న్యూఫౌండ్లాండు చేరినది.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన ఘట్టము వలెన్షియాలో జరిగెను. తెగిపోయిన 1865 నాటి తీగను అక్కడివారు విడిచిపెట్టలేదు. దినమునకు రెండుసార్లు దానిని పరీక్షించుచు, రేయింబవళ్లు ఒక ఉద్యోగి వెలుగుచుక్కను కనిపెట్టియుండెను. ఒక సంవత్సరము గడచినది. 1866 సెప్టెంబరు 2వ తేదీ ఆదివారము తెల్లవారుజామున చుక్క కదలెను! నడిసముద్రమున గ్రేట్ ఈస్టర్న్ తెగిన కొనను పైకి తీసి పలుకరించినది. కావలి లేకున్నచో ఆ పలుకు వినువారెవరు?

ఆ పరీక్షలే మరియొక ఫలమును ఇచ్చెను. హెచ్చు నిరోధము కొరకు స్మిత్ సెలీనియం కడ్డీలను వాడిచూడగా కొలతలు నిలుకడగా రాలేదు. పెట్టె మూత తెరచినపుడు నిరోధము తగ్గుచుండెను, మూసినపుడు పెరుగుచుండెను. వెలుగే దానికి కారణమని 1873లో ప్రకటింపబడెను. కావలివానిని కూడ పరీక్షించినందున ఒక క్రొత్త భౌతికధర్మము బయల్పడినది!

నేడు సముద్రగర్భ మార్గములలో గాజు తంతువుల ద్వారా కాంతియే వార్తలను మోయుచున్నది. గాజులో కాంతివేగము సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. పంపిన కాంతి దోషస్థానమునుండి సెకనులో వెయ్యవవంతు కాలములో మరలివచ్చినచో ఆ స్థానము 100 కిలోమీటర్ల దూరమున నున్నదన్నమాట. ఏలయన ఆ కాలములో కాంతి పోవుటయు వచ్చుటయు జరిగినవి. సాధనములు మారినను సూత్రము మారలేదు. నిశ్శబ్దమును క్షేమమని భావింపరాదు. ఎడతెగక పలుకరించుచు బదులును కొలుచుచుండవలెను.