యూదా 5వ వచనము: వ్రాతప్రతులు, కంప్యూటర్

ఐగుప్తులోనుండి ప్రజలను రక్షించినవాడు 'ప్రభువు' అని యూదా పత్రిక 5వ వచనములో మనము తెలుగున చదువుచున్నాము. 2012లో వెలువడిన నెస్లే-ఆలండ్ గ్రీకు క్రొత్త నిబంధన 28వ కూర్పు అచ్చట 'యేసు' అని ముద్రించినది. 27వ కూర్పులో 'ప్రభువు' అనియే ఉండెను. ఇది క్రీస్తు పూర్వాస్తిత్వమును తాకు మాట గనుక సంఘకాపరి దీనిని దాటిపోలేడు.

పురాతన లేఖకులు పరిశుద్ధ నామములను కుదించి వ్రాసేవారు. 'ప్రభువు'కు కప్పా, సిగ్మా. 'యేసు'కు అయోటా, సిగ్మా. తేడా ఒక్క అక్షరమే. 4వ శతాబ్దపు సీనాయి ప్రతిలో 'ప్రభువు' అనియు, వాటికన్, అలెగ్జాండ్రియా ప్రతులలో 'యేసు' అనియు ఉన్నది. పి 72 అను పపైరస్‌లో 'దేవుడు క్రీస్తు' అని వేరొక పాఠము కలదు.

నేను బి.డి. చదివిన రోజులలో ఇవన్నియు పుట అడుగున చిన్న గుర్తులుగానే కనబడెడివి. ప్రతిని చూచు భాగ్యము ఎవరికుండెను? టిషెండార్ఫ్ 1844లో సీనాయి మఠమున చూచిన ప్రతి పత్రములు నేడు లండన్, లైప్‌జిగ్, సెయింట్ పీటర్స్‌బర్గ్, సీనాయి అను నాలుగు చోట్ల ఉన్నవి. 1933లో బ్రిటన్ తన భాగమును సోవియట్ ప్రభుత్వమునొద్ద లక్ష పౌండ్లకు కొనెను. 2009 జూలైలో ఆ నాలుగు భాగముల ఛాయాచిత్రములు ఇంటర్నెట్‌లో ఒక్కచోట చేరినవి. లేఖకుల దిద్దుబాట్లు సహా మన విద్యార్థి సెల్‌ఫోన్‌లోనే చూడగలడు.

అయితే చూచుట వేరు, తీర్మానించుట వేరు. కుర్ట్ ఆలండ్ 1959లో జర్మనీలోని మ్యూన్‌స్టర్‌లో స్థాపించిన పరిశోధన సంస్థలో గెర్డ్ మింక్ ఒక పద్ధతిని రూపొందించెను. పాఠభేదమున్న ప్రతి స్థలములో ఏ పాఠమునుండి ఏది పుట్టెనో పండితులు మొదట నిర్ణయింతురు. ఏ ప్రతి పాఠము ఏ ప్రతి పాఠమునకు ముందటిదిగా కనబడుచున్నదో కంప్యూటర్ ఆ నిర్ణయములన్నిటినుండి లెక్కించును. ఆ ఫలితముతో కఠిన స్థలములను మరల పరిశీలింతురు. ఇందులో తిరిగి తిరిగి మొదటికే వచ్చు ప్రమాదమున్నదను ఆక్షేపణ నాకును న్యాయముగానే తోచుచున్నది.

ఫలితములు మాత్రము ఆశ్చర్యకరములు. 1 పేతురు 4:16లో 'ఈ పేరును బట్టి' అనుటకు పి 72, సీనాయి, వాటికన్ ప్రతుల సాక్ష్యమున్నను, 28వ కూర్పు 'ఈ విషయములో' అను అర్థమిచ్చు బైజాంటైన్ పాఠమును స్వీకరించెను. ప్రాచీన ప్రతియే శ్రేష్ఠమని మాకు నేర్పిన సూత్రమునకు ఇది చిన్న దెబ్బ కాదు.

యూదా 5 సంగతి వేరు. కంప్యూటర్‌కు ఎంతో ముందే, యునైటెడ్ బైబిల్ సొసైటీస్ సంపాదక సంఘములో అధికసంఖ్యాకులు 'ప్రభువు' అనగా, బ్రూస్ మెట్స్‌గర్, అలెన్ విక్‌గ్రెన్ 'యేసు' అనియే అసమ్మతి తెలిపిరి. "కంప్యూటర్ బైబిలును మార్చినదా, అయ్యగారూ?" అని మా సంఘపెద్ద ఒకరు అడిగినప్పుడు నేను ఈ సంగతియే చెప్పి, వాటికన్ ప్రతి పుటను ఫోనులో తెరచి, ఆ రెండక్షరములను ఆయనకు చూపించితిని.