బాణీ వెనుక చేయి

సినిమా పాట అనగానే గాయకుడు, కవి, సంగీత దర్శకుడు స్ఫురిస్తారు. వీరి నడుమ నాలుగో మనిషి ఒకడుంటాడు. దర్శకుడు హార్మోనియం మీద కట్టిన బాణీని అందుకొని, పల్లవికి ముందు ఏ వాద్యం పలకాలో, చరణాల మధ్య వయొలిన్లు ఎక్కడ లేవాలో, గాయని ఊపిరి తీసుకొనే చోట వేణువు ఏమనాలో కాగితం మీద పెట్టేవాడు. అతడే అరేంజరు. మద్రాసు స్టూడియోలలో చాలాసార్లు 'సహాయకుడు' అన్న ఒక్క మాటతో సరిపెట్టేవారు.

ఆ సహాయకుల బలమెంతో 'దేవదాసు' చెబుతుంది. ఆ చిత్రం నిర్మాణంలో ఉండగానే 1952లో సి.ఆర్.సుబ్బరామన్ మరణించాడు. మిగిలిన పనిని ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. 1953లో చిత్రం విడుదలయ్యాక విన్న జనానికి అతుకు కనపడలేదు.

సుబ్బరామన్ దగ్గరా, ఎస్.ఎం.సుబ్బయ్యనాయుడు దగ్గరా పనిచేసిన మరొకరు జి.కె.వెంకటేశ్. 1927లో హైదరాబాదులో పుట్టి, కన్నడ చిత్రసీమలో పేరు తెచ్చుకొన్నాడు. మనవాళ్ళు ఆయనను 'జమీందారుగారి అమ్మాయి' (1975)లో దాశరథి రాయగా సుశీల పాడిన వీణ పాటతో గుర్తుపెట్టుకొన్నారు. అంతకుమించి తలచుకోకపోవడం అన్యాయమే.

ఆయన వద్ద సహాయకుడుగా చేరినవాడు ఇళయరాజా. అంతకుముందే ధనరాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం, స్వరలేఖనం అభ్యసించాడు. బాలసుబ్రహ్మణ్యం బృందంలో గిటారు వాయించాడు. వెంకటేశ్ వద్ద ఆయన పనిచేసిన చిత్రాలు రెండు వందల దాకా ఉంటాయని చెబుతారు. గురువు బాణీ రేఖామాత్రంగా ఇచ్చేవాడు, శిష్యుడు వాద్యాలకు పంచేవాడు. పని చూడడానికి చిన్నది, నిజానికి కత్తిమీద సాము. మన రాగం ఒంటి గీతగా నడుస్తుంది. దాని ప్రాణం గమకంలో ఉంటుంది. ఊగే స్వరం కింద కదలని స్వరగుచ్ఛం పెడితే రెండూ కొట్టుకొంటాయి. ఎక్కడ తంత్రులను ఆపాలో, ఎక్కడ బేస్ ఒక్కటే నడవాలో ఏ గ్రంథమూ చెప్పదు. రికార్డింగు గదిలో నిలబడి చెవితో తేల్చుకోవలసిందే. పాఠాన్ని ధనరాజ్ ఇచ్చాడు, పరీక్షను వెంకటేశ్ పెట్టాడు అంటాను నేను.

ఇళయరాజా తన సొంత రచనలను విరామ సమయంలో అక్కడి వాద్యకారులను బతిమాలి వాయింపించుకొనేవాడు. కాగితం మీది ఊహ గాలిలో ఎలా ఉంటుందో వినడానికి ఆ పదిహేను నిమిషాలే దిక్కు!

ఈ మరుగు మనకే ప్రత్యేకం కాదు. అమెరికాలో సోల్ సంగీతాన్ని ఇంటింటికీ చేర్చిన డెట్రాయిట్ మోటౌన్ సంస్థ కూడా 1960లలో వాద్యకారుల పేర్లు అచ్చువేయలేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' మీదనే వారికి చోటు దొరికింది. దాని అరేంజరు డేవిడ్ వాన్ డీపిట్. మన 78, 45 ఆర్‌పీఎం రికార్డుల చీటీల మీద ఆ మాత్రమూ అరుదు. అందుచేత పై వీణ పాటలో ఏ మధ్యసంగీతం గురువుదో, ఏది శిష్యుడిదో విడదీయడం నేడు సాధ్యం కాదు.

ఇళయరాజా 1976లో 'అన్నక్కిళి'తో సంగీత దర్శకుడయ్యాడు. సాధన రోజుల్లో ఆయన వాద్యాలను అద్దెకు తెచ్చుకొన్నది ఆర్.కె.శేఖర్ వద్ద. మలయాళ చిత్రాలకు పేరున్న అరేంజరైన శేఖర్ అదే ఏడు కన్నుమూశాడు. ఆయన కుమారుడు రెహమాన్ తరువాత ధనరాజ్ మాస్టారు దగ్గరే నేర్చుకొని, ఇళయరాజా బృందంలో కీబోర్డు ముందు కూర్చున్నాడు.